గొలుసేసిన తలుపు, క్లోజ్ చేసిన కంప్లైంట్

ప్రశ్న: కాలిఫోర్నియాలో మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. వెనక మెట్ల దగ్గరున్న ఎమర్జెన్సీ తలుపుకి మేనేజర్ గొలుసేసి తాళం పెట్టాడు, దొంగలొస్తున్నారంట. బిల్డింగ్ రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసే సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి కంప్లైంట్ పెడితే మూడు వారాల తర్వాత "క్లోజ్డ్" అని మెసేజ్ వచ్చింది, గొలుసు మాత్రం అలానే ఉంది. కౌన్సిల్ మెంబర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, స్టాఫ్‌కి మేము ఆర్డర్లు వెయ్యకూడదండీ అన్నారు. మరి కౌన్సిల్ ఉన్నదెందుకు? గట్టిగా అడిగితే ఖాళీ చేయిస్తారేమోనని మావారి భయం. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ గొలుసు సంగతి చూడండి. ఇది చదవడం ఆపేసి ఫైర్ డిపార్ట్‌మెంట్ నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి, ఫైర్ ప్రివెన్షన్ వాళ్ళని అడిగి, "జనం ఉంటున్న బిల్డింగ్‌లో ఎగ్జిట్‌కి తాళం వేశారు" అని అచ్చంగా ఈ మాటే చెప్పండి. కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ క్యూలో మీ తలుపు, ఎవరో రోడ్డు మీద పడేసిన సోఫా, ఇంకెవరి యార్డ్‌లోనో మోకాలెత్తు పెరిగిన గడ్డి, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఫైర్ వాళ్ళకి తాళమేసిన ఎగ్జిట్ అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

కౌన్సిల్ ఆఫీసు వాళ్ళు చెప్పింది అబద్ధమేం కాదు. మెంబర్లు నేరుగా ఉద్యోగులకి పని చెప్పకూడదు, సిటీ ఉద్యోగులందరి పైనా ఉండే సిటీ మేనేజర్ ద్వారానే వెళ్ళాలి అని చాలా సిటీల చార్టర్లలో, అంటే ఆ సిటీ మూల నియమాల్లో ఉంటుంది, అది ఉండాలి కూడా, లేకపోతే గిట్టనివాళ్ళ మీదకి ఇన్‌స్పెక్టర్‌ని పంపి చందాలిచ్చినవాళ్ళ బిల్డింగులు వదిలెయ్యమంటారు. కానీ ఎంతమంది ఇన్‌స్పెక్టర్లుండాలో బడ్జెట్‌లో తేల్చేది కౌన్సిలే, లోకల్ రూల్ రాసేది కౌన్సిలే. 2015 జూన్‌లో బర్క్‌లీలో బాల్కనీ ఊడిపడి ఆరుగురు కాలేజీ విద్యార్థులు చనిపోయారు, చూస్తే లోపల చెక్క దూలాలు తడికి కుళ్ళిపోయి ఉన్నాయి, తర్వాతి నెలలోనే అక్కడి కౌన్సిల్ బాల్కనీలకి ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి చేసింది.

డిపార్ట్‌మెంట్లని లెక్క అడగడం కూడా కౌన్సిల్ పనే, నాకు బాధేసేది ఇక్కడే. ఓక్లాండ్‌లో ఘోస్ట్ షిప్ అనే గోడౌన్ ఉండేది. 2016 నవంబర్ 17న కంప్లైంట్ మీద ఇన్‌స్పెక్టర్ వెళ్ళాడు, లోపలికి వెళ్ళడం కుదరలేదు, తిరిగొచ్చేశాడు. డిసెంబర్ 2 రాత్రి అక్కడ మంటలంటుకుని 36 మంది పోయారు. తలుపు తియ్యకపోతే బద్దలుకొట్టి వెళ్ళే అధికారం ఇన్‌స్పెక్టర్‌కి లేదు, లోపలున్నవాళ్ళు ఒప్పుకోకపోతే వారెంట్ కావాలని 1967లోనే కమారా అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు ప్రకారం వారెంట్ తెచ్చుకునే దారీ ఉంది కదా! మరి తలుపు తియ్యలేదు, తర్వాతేంటి? మళ్ళీ ఎన్నాళ్ళకి వెళ్తారు, ఎన్నోసారికి వారెంట్ అడుగుతారు? మీ సిటీ కౌన్సిల్ ఈ ప్రశ్న తన డిపార్ట్‌మెంట్‌ని ఎప్పుడైనా అడిగిందా అన్నదే నా డౌటు. మీ కంప్లైంట్ కూడా గేటు తియ్యలేదని క్లోజ్ చేశారేమో, ఎందుకు క్లోజ్ చేశారో రాతపూర్వకంగా అడగండి, పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్, అంటే ప్రభుత్వ కాగితాలు చూపించమనే అర్జీ పెడితే ఇస్తారో లేదో మామూలుగా పది రోజుల్లో చెప్పాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంట్లని ఫైర్ డిపార్ట్‌మెంట్ ఏటా ఇన్‌స్పెక్ట్ చెయ్యాలి, చేశామో లేదో ఏటా కౌన్సిల్‌కి రిపోర్ట్ ఇవ్వాలి, అందింది అని కౌన్సిల్ తీర్మానం చెయ్యాలి, 2018లో వచ్చిన ఎస్‌బీ 1205 చట్టం ఇది. ఇలాంటివి ఎజెండాలో కన్సెంట్ కేలండర్ అనే భాగంలో పెట్టి ఇరవై ఐటమ్స్‌తో కలిపి ఒకే ఓటుతో పాస్ చేసేస్తుంటారు, ఎవరూ నోరెత్తరు. ఆ రిపోర్ట్ వెతికి, మీ బిల్డింగ్‌ని ఆఖరుసారి ఎప్పుడు చూశారో అడగండి.

మీటింగ్‌కి తప్పకుండా వెళ్ళండి. రెగ్యులర్ మీటింగ్ ఎజెండా 72 గంటల ముందే పెట్టాలి, ఎజెండాలో లేని విషయమైనా జనం మాట్లాడే పబ్లిక్ కామెంట్‌లో చెప్పొచ్చు, కాకపోతే లేనిదాని మీద ఆ రాత్రి నిర్ణయం తీసుకోకూడదని రూలు, అందుకే మెంబర్లు మొహాలు కదలకుండా కూర్చుంటారు, డీలా పడకండి. నేను మొదటిసారి మాట్లాడినప్పుడు టైమ్ అయిపోవస్తోందని మైకు పక్కన లైటు పసుపైపోయేసరికి నా పేరూ వీధీ చెప్పడం మాత్రమే అయింది. మీరు మొదటి వాక్యంలోనే గొలుసు సంగతి చెప్పెయ్యండి.

మీవారి భయం న్యాయమైనదే. అద్దె బాకీ లేకపోతే, కంప్లైంట్ పెట్టారన్న కక్షతో 180 రోజుల లోపల ఖాళీ చేయించడం, అద్దె పెంచడం కుదరదని ఆ రాష్ట్ర సివిల్ కోడ్ 1942.5లో ఉంది. అయినా నోటీసిస్తే టెనెంట్ల లాయర్‌కి చూపించండి. పెట్టిన ప్రతి కంప్లైంట్ కాపీ దాచుకోండి, ఈ రోజే ఆ తలుపు ఫోటో తియ్యండి, పైనున్న ఎగ్జిట్ బోర్డూ, కిందున్న తాళమూ ఒకే ఫ్రేములో పడేలాగా.