పలక ఆరనివ్వు, అమ్మడూ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు నీ చేతులతో క్లాసికల్ గిటార్ చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రే అటక మీంచి గిటార్ పైపలకకు వాడే స్ప్రూస్ కర్ర పలకల జత ఒకటి దించాను. తొమ్మిదేళ్లుగా దాచుకున్నది. రేపు కాకినాడ బస్సులో పార్సిల్ వేస్తాను. అందగానే చిత్రిక పట్టేస్తావేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నా.

కర్ర గాలిలో తేమను తాగుతుంది, ఎండాకాలం వదిలేస్తుంది. తాగినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, వదిలినప్పుడు అడ్డంగానే ముడుచుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. ఇది తెలిసి కూడా నా మూడో గిటార్‌ని విశాఖలో శ్రావణమాసంలో, కిటికీలు బార్లా తెరుచుకుని అతికించాను. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడి కొడుక్కిచ్చాను. మే నెలలో తీసుకొచ్చి చూపించాడు. పైపలక మీద తీగలు ఆనే గుర్రం దగ్గర మొదలై అడుగు అంచుదాకా వెంట్రుకలాంటి చీలిక. గోటితో గీస్తే తగులుతోంది. గుర్రమూ, లోపలి అడ్డ బద్దలూ పలక పోగుకు అడ్డంగా అతుక్కుని ఉంటాయి. పలక ముడుచుకోబోతే అవి ముడుచుకోనివ్వవు. ఇక చీలక ఏం చేస్తుంది? గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, చిన్న అద్దంలో చూసుకుంటూ లోపల స్ప్రూస్ ముక్కలు అతికించాను. గిటార్ మళ్లీ పలికింది. ఆ కుర్రాడి మొహం మాత్రం నాకింకా గుర్తుంది.

మీదీ సముద్రపు గాలి ఊరే. తేమ కొలిచే మీటర్ ఒకటి కొనుక్కో. అతికించే పని ఉన్న రోజుల్లో గదిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఏసీని డ్రైలో పెట్టి తలుపులు మూసుకో. పలక సిద్ధమైందో లేదో తెలియాలంటే వంటింటి తూకం చాలు. రెండు రోజులకోసారి తూచి, పలక మీదే పెన్సిల్‌తో రాసుకో. వరసగా మూడుసార్లు అదే బరువు వస్తే అప్పుడు చిత్రిక పట్టు.

నిజమైన పని పైపలకదే. ముందు రెండున్నర మిల్లీమీటర్లకు దించి ఆగు. బొటనవేళ్లతో అడ్డంగా వంచి చూడు. రెండు వేళ్లతో అంచు దగ్గర వేలాడదీసి, మధ్యలో కణుపుతో తట్టు. మొదట అట్టముక్కలా టక్కుమంటుంది. పల్చబడేకొద్దీ ఆ మోత సాగుతుంది, లోతుగా వస్తుంది. అంచుల దగ్గర రెండు మిల్లీమీటర్లదాకా వెళ్లొచ్చు. ఎక్కడ ఆపాలో అంకె చెప్పదు, ఈ కర్రకు ఒకటి, ఆ కర్రకు ఒకటి. అందుకే ప్రతి పది తోపులకూ ఆగి తట్టమంటున్నా. తీసిన కర్రను మళ్లీ పెట్టలేవు.

పైపలక లోపలివైపు అతికించే సన్నటి బద్దలు, అదే ఈనెలు, తాటాకు విసనకర్రలోలాగా విప్పారి ఉండాలి. ఏడు చాలు. ఈ పద్ధతిని కుదిర్చింది స్పెయిన్‌లో అల్మేరియా ఊరికి చెందిన ఆంటోనియో డి టోరెస్. 1817లో పుట్టి 1892లో పోయాడు. ఇప్పటికీ మనం ఆయన బాటలోనే నడుస్తున్నాం. 1862లో ఆయన ఒక గిటార్ వెనకపలకనూ పక్కలనూ కాగితపు గుజ్జు అట్టతో చేశాడు. మంచి పైపలక ఉంటే చాలు, గిటార్ పలుకుతుందని చూపించడానికే ఆ పని. బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉందది. అందుకే మొదటి గిటార్‌కి ఇరుగుడు కర్ర కోసం డబ్బు తగలెయ్యొద్దు తల్లీ. రోజ్‌వుడ్ అంటారే, అదే. అందంగా ఉంటుంది, బాగా పలుకుతుంది, కాదనను. కానీ మహాగనీ సులువుగా దొరుకుతుంది, చెడిపోయినా గుండె పగలదు.

పక్కపలకలు రెండు మిల్లీమీటర్లకు దించి, వేడి గొట్టం మీద వంచాలి. దోశ పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్క గుండ్రంగా చిందులేస్తుందే, గొట్టం ఆ వేడికి రావాలి. తడిగుడ్డ వేసి, మెల్లగా అదుముతూ ఉండు. కొంతసేపు మొండికేసిన కర్ర ఒక్కసారిగా మెత్తబడటం అరచేతికి తెలుస్తుంది. అప్పుడు వంచు, అంతకుముందు బలం చూపించకు. ముందు పనికిరాని బద్దలు నాలుగు వంచి చెయ్యి తిప్పుకో.

మెడ మీది మెట్ల (ఫ్రెట్ల) లెక్క సులువే. తీగ నిడివి 650 మిల్లీమీటర్లు అనుకో. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు 36.48 దగ్గర పడుతుంది. మిగిలినదాన్ని మళ్లీ అదే అంకెతో భాగించుకుంటూ వెళ్లు. పన్నెండోది సరిగ్గా 325 దగ్గర రావాలి, రాకపోతే ఎక్కడో తప్పావు. గీతలు పెట్టేటప్పుడు మాత్రం మెట్టు నుంచి మెట్టుకు కొలవొద్దు. ప్రతిదాన్నీ మెడ పైచివర తీగలు ఆనే చోటు నుంచే కొలువు. లేదంటే చిన్న చిన్న తప్పులు పోగై చివరికి శృతి తప్పిస్తాయి.

లక్క పాలిష్ వానరోజుల్లో వెయ్యకు, తెల్లబారుతుంది.

నైలాన్ తీగలే వెయ్యి. ఆరూ కలిపి సుమారు నలభై కిలోల లాగుడు ఉంటుంది. నువ్వు పల్చన చేసిన పలక అంతవరకే ఓర్చుకుంటుంది. మోత గట్టిగా వస్తుందని ఎవరైనా స్టీలు తీగలు బిగించమంటే ఒప్పుకోవద్దు, గుర్రం ఊడి చేతికొస్తుంది.

పార్సిల్ అందాక కాగితం విప్పి, పలకలను గోడకు ఆనించకుండా సన్నటి బద్దల మీద పడుకోబెట్టు, రెండు వైపులా గాలి ఆడాలి. మొదటి తూకం ఆ రోజే వేసి నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడి బరువు నేను ఒక మూల రాసి పెట్టాను.

మీ మామయ్య