మడత కట్టర్ జేబులో పెట్టుకుంటే కేసు అవుతుందా?

ప్రశ్న: విజయవాడలో ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్, కార్పెట్ పనుల్లో రోజంతా కట్టర్ చేతిలోనే ఉంటుంది. బ్లేడు మార్చుకునే మడత కట్టర్ ఒకటి కొని, క్లిప్పుతో ప్యాంటు జేబుకు తగిలించుకుంటాను. ఈమధ్య సైటు నుంచి రాత్రి ఆలస్యంగా వస్తుంటే వాహనాల తనిఖీలో పోలీసులు ఆపారు. కట్టర్ చూసి ‘ఇదెందుకు’ అన్నారు. పనికోసమని చెప్పి, ‘రాత్రిళ్లు ఒంటరిగా తిరుగుతాను కదా సార్, సేఫ్టీకి కూడా ఉంటుందని’ అన్నాను. దాంతో వాళ్ల స్వరం మారిపోయింది. కత్తి పట్టుకు తిరిగితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతామని బెదిరించారు. ఫోన్ నంబరు రాసుకుని, కట్టర్ తీసుకుని పంపేశారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. నిజంగా కేసు అవుతుందా? వచ్చే నెల మెటీరియల్ చూడటానికి విమానంలో ఢిల్లీ వెళ్లాలి, అక్కడ ఇలాంటిది దగ్గర ఉంచుకోవచ్చా? బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటూ వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్న మా తమ్ముడు తనకూ ఒకటి పంపమంటున్నాడు. పంపవచ్చా?

జవాబు: పనికోసం కట్టర్ దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. మీకు ఇబ్బంది తెచ్చింది కట్టర్ కంటే ఆ ‘సేఫ్టీ’ అన్న మాట. ఎందుకో చెబుతాను.

ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 2(1)(సి) ‘ఆయుధం’ అంటే ఏమిటో చెబుతుంది. దాడికి గానీ ఆత్మరక్షణకు గానీ ఆయుధంగా తయారుచేసిన, లేదా అందుకు వీలుగా మార్చిన వస్తువు ఆయుధం. పదునైన అంచున్న మారణాయుధాలు కూడా ఇందులోకి వస్తాయి. కేవలం ఇంటి వాడకానికో వ్యవసాయానికో చేసినవాటికి మినహాయింపు ఉంది. ఈ నిర్వచనంలో దాడి పక్కనే రక్షణ కూడా ఉందన్న సంగతి చాలామంది గమనించరు. ‘నేనెవరినీ పొడవను సార్, నా రక్షణకే’ అంటే తప్పించుకున్నట్టే అనుకుంటారు. చట్టం దృష్టిలో అది తప్పించుకునే మాట కాదు. పనిముట్టును మీరే ఆయుధాల వరసలోకి తోస్తున్నట్టు అవుతుంది. జిప్సమ్ బోర్డు కోసే కట్టర్‌ను ఆయుధమని నిరూపించాలంటే పోలీసులు చాలా కష్టపడాలి. ఆ కష్టం మీరు సగం తగ్గించారు.

అలాగని బెంబేలు పడకండి. పోలీసుల ముందు అన్న మాటను నేరం ఒప్పుకున్నట్టుగా కోర్టులో మీమీద రుజువు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 ఒప్పుకోదు. కాకపోతే ఆ మాటకు కోర్టులో విలువ లేకపోయినా స్టేషన్‌లో ఉంటుంది. వదిలేద్దామా, కేసు రాద్దామా అని ఎస్సై నిర్ణయించుకునేది అక్కడే. ఇకమీదట ఎవరైనా అడిగితే ‘ఫలానా సైటులో పని, బోర్డు కోయడానికి’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. అది నిజం కూడా.

ఇప్పుడు కొలతల సంగతి. తుపాకీకి లైసెన్సు కావాలని అందరికీ తెలుసు. కత్తికి దేశమంతటా అలాంటి నియమం లేదు. తుపాకీలు కాని ఆయుధాలకు ఏ ప్రాంతంలో లైసెన్సు ఉండాలో కేంద్రం సెక్షన్ 4 కింద గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. దాన్ని ఉల్లంఘిస్తేనే సెక్షన్ 25(1బి)(బి) వర్తిస్తుంది. ఇక ఆయుధ నియమావళి, 2016లోని మొదటి షెడ్యూల్‌లో ఐదో కేటగిరీ చూస్తే, కత్తుల విషయంలో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉంటేనే అందులోకి వస్తాయని ఉంది. అందులోనూ గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటిని పక్కనపెట్టారు. మీ కట్టర్‌లో వేసే బ్లేడు, అదే రెండు చివరలా ఏటవాలుగా ఉండి హార్డ్‌వేర్ షాపుల్లో ప్యాకెట్లుగా దొరికేది, దాదాపు 6 సెంటీమీటర్ల పొడవు, 1.9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పిడిలో బిగించాక బయటికి కనిపించేది అందులో సగమే. తొమ్మిది అంగుళాలు ఎక్కడ, ఇదెక్కడ?

కేసులు వచ్చినప్పుడు నేను ముందు చూసేది మధ్యవర్తుల నివేదికలో, అంటే సాక్షుల ముందు పోలీసులు రాసే పంచనామాలో, కొలత ఎలా రాశారన్నది. ‘సుమారు 16 సెం.మీ. పొడవు గల మడత కత్తి’ అని రాసేస్తారు. పిడితో కలిపి కొలిచిన లెక్క అది. చట్టానికి కావలసింది బ్లేడు కొలత. మీ సమక్షంలో వస్తువు స్వాధీనం చేసుకుంటున్నప్పుడు ‘బ్లేడు విడిగా కొలిచి రాయండి, మార్చుకునే బ్లేడు అని కూడా రాయండి’ అని మర్యాదగా అడగండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 105 ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. మీ విషయంలో ఇవేవీ జరగలేదు.

మరి ఎప్పుడు చిక్కొస్తుంది? ఉత్సవాలు, ఎన్నికలు, గొడవల సమయంలో బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 163 కింద ఉత్తర్వులు ఇస్తారు. జనం ఇప్పటికీ 144 సెక్షన్ అనే పిలుస్తారు. కర్రలు, కత్తులు, మారణాయుధాలు పట్టుకుని తిరగరాదని ఆ ఉత్తర్వుల్లో తరచూ ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ కింద కమిషనర్ ఉత్తర్వులు ఇస్తారు. నిజాం కాలపు చట్టం, ఇంకా నడుస్తోంది. ఇలాంటి ఉత్తర్వు అమల్లో ఉండగా ఊరేగింపు మధ్యలో జేబులో కట్టర్‌తో దొరికితే పనిముట్టని నచ్చజెప్పడం కష్టం. అదే కట్టర్ టేపు, స్క్రూడ్రైవర్‌తో కలిసి పనిసంచిలో ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. పోలింగ్ రోజున పోలింగ్ కేంద్రం చుట్టుపక్కల ఆయుధంతో వెళ్లడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో సెక్షన్ 134బి నేరంగా చెబుతుంది. ఆ చట్టం ఆయుధమంటే ఆయుధాల చట్టంలోని నిర్వచనాన్నే తీసుకుంటుంది. ఓటేయడానికి వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లండి, గొడవే ఉండదు. కోర్టు ఆవరణకూ, అలిపిరి తనిఖీకీ ఇదే మాట.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. పార్కింగ్ దగ్గర మాటామాటా పెరిగి, కోపంలో కట్టర్ తీసి బ్లేడు తెరిచారనుకోండి. చేతికి చిన్న గీత పడినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 118 వచ్చేస్తుంది. కోసే సాధనంతో గాయపరచడం అందులోకే వస్తుంది. మామూలు గాయానికి మూడేళ్ల వరకూ జైలు, తీవ్ర గాయమైతే ఏడాదికి తక్కువ కాకుండా యావజ్జీవం వరకూ వెళ్లవచ్చు. ఇక్కడ బ్లేడు ఎన్ని సెంటీమీటర్లన్న ప్రశ్నే రాదు. గాయం లేకుండా చూపించి బెదిరించినా సెక్షన్ 351 ఉంది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే రక్షణకు అవసరమైనంత హాని మాత్రమే చేయాలని సెక్షన్ 37 చెబుతుంది. చెంపదెబ్బకు బ్లేడుతో జవాబిస్తే ఆ హక్కు మీ పక్కన నిలబడదు.

ఇక మీ విషయంలో ఏం చేయాలి? పోలీసులు వస్తువు స్వాధీనం చేసుకుంటే ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 చెబుతుంది. మీకు కాగితం ఇవ్వలేదంటే బహుశా ‘హెచ్చరించి పంపేశాం’ అన్న లెక్కలోనే వదిలేసి ఉంటారు. కొన్ని వందల రూపాయల కట్టర్ కోసం స్టేషన్ మెట్లెక్కమని నేను చెప్పను. కేసు ఉందా లేదా అన్నది మాత్రం తేల్చుకోండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లన్నీ 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. పోలీసు శాఖ వెబ్‌సైటులో ఆ స్టేషన్ పేరు, తేదీతో వెతికి చూడండి.

ఎఫ్ఐఆర్ లేకపోయినా ఒక్కోసారి బైండోవర్ చేస్తామని కబురు వస్తుంది. తహసీల్దారు ముందు పూచీకత్తు రాయించుకోవడం అన్నమాట. ‘చిన్న సంతకమే కదా’ అని పెట్టేయకండి. మీమీద పాత గొడవలేమీ లేనప్పుడు, ఏ కారణంతో పిలిచారో రాతపూర్వకంగా అడగండి. తెల్ల కాగితం మీద సంతకం అసలే పెట్టవద్దు. ఒకవేళ కేసు కట్టి, విచారణకు రమ్మని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3) కింద నోటీసు ఇస్తే తప్పకుండా హాజరవండి. నోటీసును పాటిస్తున్నవాళ్లను మామూలుగా అరెస్టు చేయకూడదు. వెళ్లేటప్పుడు కట్టర్ కొన్న బిల్లు, మీ జీఎస్టీ లేదా లేబర్ లైసెన్సు కాగితం, ఆ రోజు సైటు యజమానితో జరిగిన వాట్సాప్ సందేశాలు తీసుకెళ్లండి. మెటీరియల్ ఫోటోలు పంపిన సందేశం, ‘బోర్డు కటింగ్ అయిపోయింది’ అన్న మెసేజ్ ఉంటే చాలావరకు దానితోనే పని అయిపోతుంది. ఏ సెక్షన్ 4 నోటిఫికేషన్ ఉల్లంఘించారో చూపించాల్సింది కేసు పెట్టినవాళ్లే, మీరు కాదు. ఆ నోటిఫికేషన్ కాపీ ఛార్జిషీటులో లేకపోతే మీ లాయరు మొదట పట్టుకోవలసింది అదే.

ఢిల్లీ ప్రయాణానికి వద్దాం. విమానంలో క్యాబిన్ బ్యాగులో కట్టర్ గానీ, విడి బ్లేడు గానీ ఒప్పుకోరు. పర్సు మడతలో మర్చిపోయిన ఒక్క బ్లేడు కూడా అంతే. మీరు వాడే రకంలో పిడి లోపల స్పేర్ బ్లేడ్లు దాచుకునే చోటు ఉంటుంది, అది కూడా ఖాళీ చేయండి. అన్నీ గట్టి కవరులో చుట్టి చెక్-ఇన్ సామానులో వేయండి. గన్నవరంలో బయల్దేరేటప్పుడే కాదు, తిరుగు ప్రయాణంలో కూడా గుర్తుంచుకోండి. అక్కడ పనిచేసి అలవాటుగా జేబులో వేసుకునేది అప్పుడే.

ఢిల్లీకి ప్రత్యేకంగా 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి ఉంది. బటన్ నొక్కితే తెరుచుకునేవి, పళ్ల గేరుతో తెరుచుకునే గరారీ కత్తులు, ఇంకే యాంత్రిక పద్ధతిలోనైనా తెరుచుకునే మూసుకునే కత్తులు, బ్లేడు 7.62 సెంటీమీటర్లు లేదా అంతకంటే పొడవు, 1.72 సెంటీమీటర్లు లేదా అంతకంటే వెడల్పు ఉంటే దాని కిందికి వస్తాయి. మీ బ్లేడు వెడల్పులో ఆ గీత దాటుతుంది, పొడవులో దాటదు. రెండూ కలిసి దాటితేనే వర్తిస్తుంది కాబట్టి మీది బయటే ఉంటుంది. 2025లో సుప్రీంకోర్టు ఢిల్లీ నుంచి వచ్చిన ఒక బటన్ కత్తి కేసును కొట్టేసింది. నోటిఫికేషన్ నిషేధించింది తయారీని, అమ్మకాన్ని, అమ్మడానికో పరీక్షకో దగ్గర ఉంచుకోవడాన్ని. ఆ ఆరోపణే ఛార్జిషీటులో లేదన్నది కారణం. తీర్పు మంచిదే, కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలవడం మీకు కావలసిన గెలుపు కాదు. పైగా మెట్రో ఎక్కాలంటే ప్రతి స్టేషన్‌లో సామాను స్కానింగ్ ఉంటుంది. షోరూములు చూడటానికి వెళుతున్నారు కదా, ఇంట్లో వదిలేసి వెళ్లండి. పనిపడితే అక్కడే కొనుక్కోండి.

మీ తమ్ముడి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్ సెక్షన్ 139 ప్రకారం, సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో కత్తి దగ్గర ఉంచుకోవడమే నేరం. నాలుగేళ్ల వరకూ శిక్ష పడవచ్చు. 3 అంగుళాలు మించని మడత చాకుకు మినహాయింపు ఉంది. ‘మనది రెండంగుళాలే’ అని మీరు అనుకుంటారు. అయితే తెరిచాక లాక్ అయ్యేదానికి ఆ మినహాయింపు వర్తించదని అక్కడి కోర్టులు ఎప్పుడో తేల్చాయి. బ్లేడు మార్చుకునే మడత కట్టర్లు దాదాపు అన్నీ లాక్ అయ్యేవే. లాక్ లేకపోతే అట్టపెట్టె కోసేటప్పుడు వేళ్లమీదే మడుచుకుంటుంది మరి.

వేర్‌హౌస్‌లో పనికి వాడటం, డ్యూటీకి వెళ్లి రావడం సరైన కారణమే. ఆత్మరక్షణ అక్కడా కారణం కాదు. డ్యూటీ అయ్యాక స్నేహితులతో సిటీ సెంటర్‌కు వెళ్లినప్పుడు జేబులో ఉంటే ‘మర్చిపోయాను’ అన్న మాట ఒక్కటే సరిపోదు. స్ప్రింగ్ సాయంతో తెరుచుకునే రకమైతే ఇంకా కష్టం. దాన్ని ఆ దేశంలోకి తీసుకెళ్లడమే నిషేధం, 2021 నుంచి ఇంట్లో ఉంచుకున్నా నేరమే. శిక్ష చిన్నదైనా వీసా పొడిగింపు దరఖాస్తులో రాయాల్సి వస్తుంది. విద్యార్థికి జరిమానా కంటే అదే పెద్ద దెబ్బ.

కాబట్టి ఇక్కడి నుంచి ఏమీ పంపవద్దు. వేర్‌హౌస్‌లో సేఫ్టీ కట్టర్ ఇవ్వమని సూపర్‌వైజర్‌ను అడగమనండి. డ్యూటీ అయ్యాక దాన్ని లాకర్‌లోనే వదిలి బయటికి రమ్మనండి.