అడగండి, చెబుతా: డాబా మీద ప్యానెల్, మైనస్ ధర కరెంటు, కమల వడ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం "ఫలానాది కనిపెట్టారట, నిజమేనా?" అనే రకం. చాలావరకు నిజమే. కాకపోతే ల్యాబ్‌లో జరిగిందెంత, మన వాకిట్లోకి వచ్చిందెంత అన్నది వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఉండదు. అందుకే ఆ రకంవే ఐదు ఏరుకున్నాను. వాస్తు, జాతకం మీద వచ్చిన ఉత్తరాలు పక్క పేజీ వాళ్లకి ఇచ్చేశాను.

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్: డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని కొటేషన్ తీసుకున్నాను. 34 శాతం కరెంటు తీసే కొత్త ప్యానెల్ వచ్చిందని, ఇప్పుడు కొంటే పాత సరుకు కొన్నట్టేనని మా అల్లుడు అంటున్నాడు. రెండేళ్లు ఆగమంటారా?

ఆగొద్దండీ మాస్టారూ. మీ అల్లుడుగారు చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. చైనా కంపెనీ లాంగీ 2024లో 34.6 శాతం రికార్డు కొట్టిన మాట నిజం. మామూలు సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పదార్థాన్ని పల్చగా పరుస్తారు. ఎండలో నీలం వైపు కాంతిని పై పొర, ఎరుపు వైపు కాంతిని కింది పొర పట్టుకుంటాయి. ఒక్క సిలికాన్‌తో ఎంత గింజుకున్నా లెక్క ప్రకారమే 29.4 శాతం దాటలేం కాబట్టి, ఈ రెండంతస్తుల పద్ధతి మీద అందరికీ అంత ఆశ. కానీ ఆ రికార్డు కొట్టిన సెల్ ఎంత ఉంటుందనుకున్నారు? సుమారు ఒక చదరపు సెంటీమీటరు, అంటే గోరంత. ఇదే పద్ధతిలో ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ పెద్ద ప్యానెళ్లు చేసి 2024 సెప్టెంబరులో మొదటిసారి అమెరికాలో ఒక కస్టమర్‌కి పంపింది, వాటి సామర్థ్యం 24.5 శాతం. గోరంత నుంచి తలుపంత అయ్యేసరికి అంకె అంత దిగింది. పైగా పెరోవ్‌స్కైట్‌కి తేమా పడదు, వేడీ పడదు. గుంటూరులో ఆ రెండూ కాక ఇంకేముంది చెప్పండి.

వేడి అంటే గుర్తొచ్చింది, మామూలు సిలికాన్ ప్యానెల్‌కి కూడా మే నెల అచ్చిరాదు. డబ్బా మీద రాసే వాట్లు ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మిట్టమధ్యాహ్నం అది 65 డిగ్రీలకి కాగిందంటే, డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున, 12 నుంచి 16 శాతం వరకు పోతుంది. ఎండ ఎక్కువ కాబట్టి కరెంటూ ఎక్కువని అనుకుంటాం గానీ, ప్యానెల్‌కి కావాల్సింది వెలుగు, ఉడుకు కాదు. అందుకే డాబాకి ఆనించి బిగించనివ్వకండి, కింద గాలి ఆడేట్టు ఎత్తు పెట్టించండి.

ఇంకో మాట, నా అనుభవం. మా ఇంటి మీద బిగించిన వాళ్లు పొద్దున పదింటికి వచ్చి, పన్నెండుకల్లా చోటు ఖాయం చేసి వెళ్లిపోయారు. మూడున్నర దాటాక నీళ్ల ట్యాంకు నీడ ఎటు పడుతుందో వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు రోజూ ఆ టైముకి నీడ ఒక ప్యానెల్ మూల మీద పడుతుంది, ప్యానెళ్లన్నీ ఒకే వరసలో గొలుసులా కలిపి ఉన్నాయి కాబట్టి మిగతా వాటి కరెంటు కూడా దిగిపోతుంది. మీరు మాత్రం ఒక రోజంతా, గంటకోసారి డాబా ఎక్కి, సుద్దముక్కతో నీడ గీత గీసుకున్నాకే చోటు చెప్పండి. టీచర్లకి సుద్దముక్క కొత్త కాదుగా.

ఇక ఆగితే పోయేదెంత? కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు వేసుకున్నా మూడు కిలోవాట్లకి పన్నెండు, రెండేళ్లకి ఎనిమిది వేల ఏడొందల పైచిలుకు యూనిట్లు. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ కూడా పెట్టారు. కొత్త ప్యానెల్ వచ్చినప్పుడు వస్తుంది, అప్పుడు అల్లుడుగారి డాబా మీద పెట్టించండి.

నిజామాబాద్ నుంచి ఒక గృహిణి: మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. అక్కడ ఆదివారం మధ్యాహ్నం కరెంటు ధర మైనస్‌లోకి పోతుందంటున్నాడు. అంటే వాడినవాళ్లకి ఎదురు డబ్బులిస్తారా? మరి వాడి బిల్లు అంతెందుకు వస్తోంది?

మదనపల్లె మార్కెట్‌కి టమాటా తీసుకెళ్లే రైతుని అడగండమ్మా, ఈ ఎకనామిక్స్ ఒక్క ముక్కలో చెప్తాడు. రేటు పడిపోయిన రోజున కోత కూలీ, బండి కిరాయి కూడా గిట్టవని రోడ్డు పక్కన పారబోసి పోతాడు. ఆ పారబోసే చోటు కూడా లేదనుకోండి, అప్పుడు "నువ్వు తీసుకుపో బాబూ, నేనే వంద ఇస్తా" అనాల్సి వస్తుంది. కరెంటుకి పారబోసే చోటు లేదు. గ్రిడ్‌లో పుట్టింది పుట్టిన క్షణానే ఖర్చయిపోవాలి, లేకపోతే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవదు. ఆదివారం ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి, ఎండ మాత్రం ఆదివారమని సెలవు తీసుకోదు. బొగ్గు ప్లాంటుని ఆపి మళ్లీ రాజేయాలంటే బోలెడు ఖర్చు, అందుకని నాలుగు గంటలు నష్టానికైనా నడుపుతారు. పాత సోలార్, గాలిమరల వాళ్లలో చాలామందికి మార్కెట్ ధర ఎలా ఉన్నా రావాల్సింది వచ్చేస్తుంది కాబట్టి వాళ్లూ ఆపరు. జర్మనీ హోల్‌సేల్ మార్కెట్లో 2024లో ఇలా 457 గంటలు మైనస్‌లో నడిచాయి.

హోల్‌సేల్ అన్న మాట గమనించారుగా. మీ అబ్బాయి యూనిట్‌కి కట్టే 40 సెంట్ల చిల్లరలో కరెంటు ధర ఒక భాగమే, మిగతాది తీగల చార్జీలు, పన్నులు. ధర కూడా చాలామందికి ఏడాదికో రెండేళ్లకో ముందే ఒప్పందమై ఉంటుంది. 2025 నుంచి అక్కడి సరఫరాదారులందరూ గంట గంటకీ మారే టారిఫ్ కూడా ఇవ్వాలని రూలు వచ్చింది, స్మార్ట్ మీటర్ పెట్టించుకుని వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం వేసుకోమనండి. అప్పుడు కూడా తీగల చార్జీ తప్పదు.

మీరు అడగలేదు గానీ తర్వాతి ప్రశ్న నాకు తెలుసు: మన దగ్గరో? సోలార్ ధర పడిన మాట వాస్తవం. 2010లో కేంద్రం పెట్టిన వేలంలో యూనిట్ సగటున 12 రూపాయల పైన పలికితే, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99కి వచ్చింది. అయితే మన డిస్కంలు పాతికేళ్ల ఒప్పందాలతో కొన్న పాత కరెంటుకి పాత ధరే కడుతున్నాయి, పైగా మనకి కరెంటు బాగా కావాల్సింది ఎండ పోయాక, వంటిళ్లలో లైట్లు, బెడ్‌రూముల్లో ఏసీలు ఒక్కసారే పడే టైములో. మధ్యాహ్నం మిగిలిందాన్ని రాత్రికి దాచడమే అసలు చిక్కు. దానికి మన దగ్గర ఉపాయం పాతదే ఉంది. నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర కరెంటు తీసే యంత్రాల్లో ఏడు రివర్సిబుల్ రకం, అంటే రెండు వైపులా తిరిగేవి. నీళ్లు కిందికి వదిలితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే నీళ్లు పైకి ఎత్తుతాయి. ఎత్తడానికి కింద నీళ్లు నిలిచి ఉండాలి, కింద చెరువులా ఆపే టెయిల్‌పాండ్ లేకపోతే అవి ఉత్త టర్బైన్లే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదితో పని లేకుండా పైనొకటి కిందొకటి రిజర్వాయర్లు పెట్టి 1680 మెగావాట్ల ప్రాజెక్టు చేపట్టింది ఈ లెక్కతోనే. నాలుగు యూనిట్ల కరెంటు పెట్టి నీళ్లు ఎత్తితే మూడు తిరిగొస్తాయి, నాలుగోది దారి ఖర్చు. బ్యాటరీకి దారి ఖర్చు తక్కువే, కానీ కొనే ఖర్చే భయపెట్టేది. 2010లో కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్లు దాటి ఉన్న లిథియం ప్యాక్ 2024కి సగటున 115 డాలర్లకి దిగింది. ఈ పడిపోవడం గురించి పేపర్లో మొదటి పేజీ వార్త ఎప్పుడూ రాదు, నన్నడిగితే ఈ ఐదు ఉత్తరాల్లోకీ పెద్ద సంగతి ఇదే.

మిర్యాలగూడ దగ్గర నుంచి ఒక రైతు: జన్యువు కోసి చేసిన కమల అనే వడ్లు వచ్చాయంట. అది బీటీ పత్తి లాంటిదేనా? బీపీటీ (సాంబమసూరి) కంటే ఎక్కువ పండుతుందా? విత్తనం దాచుకోవచ్చా?

మూడూ మంచి ప్రశ్నలే అన్నా, వరసగా చెప్తా. ముందు ఒక సంతోషం. 2025 మేలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు కొత్త వరి రకాలు ప్రకటించారు, రెండిటికీ పుట్టిల్లు మన వైపే. డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల, బాపట్లలో పుట్టిన మన బీపీటీ 5204 నుంచి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో తయారైంది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1, దాన్ని ఢిల్లీలో మార్టేరు వారి 1010 రకం వరి నుంచి చేశారు, బెట్టకీ చౌడుకీ తట్టుకునేలా.

బీటీ పత్తిలో ఒక బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు, అది మొక్కలో ఉండిపోయింది. కమలలో బయటి జన్యువు మిగల్లేదు. వరి వెన్నులో సైటోకైనిన్ అనే హార్మోను ఎంత ఉంటే గింజలు అంత ఎక్కువ పడతాయి, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి మొక్కే తయారు చేసుకుంటుంది. ఆ ఎంజైమ్ రాసిపెట్టిన జన్యువుని క్రిస్పర్ అనే కత్తెరతో పాడుచేశారు, అంతే. కత్తెర కోసం పెట్టిన జన్యువుని తర్వాతి తరాల్లో ఏరి తీసేశారు. ఇలాంటి వాటిని జీఎం (జన్యుమార్పిడి) పంటల కఠిన నిబంధనల నుంచి 2022 మార్చిలో ప్రభుత్వం మినహాయించింది. మామూలుగా ఇంకో రకంతో సంకరం చేసి ఉంటే గింజలు పెరిగినా బీపీటీ అన్నం పోయేది. వండిన అన్నం తీరు మారకుండా ఒక్కచోటే వేలు పెట్టడం ఇందులో గొప్ప.

దిగుబడి దగ్గర మాత్రం నెమ్మదిగా చదవండి. బీపీటీ కంటే 19 శాతం ఎక్కువ, కోతకి 15 నుంచి 20 రోజులు ముందే వస్తుందని సంస్థ చెప్పింది. ట్రయళ్ల సగటు హెక్టారుకి 5.37 టన్నులు, బీపీటీది 4.5. మన లెక్కలో ఎకరాకి 75 కిలోల బస్తాలు 29, 24 అన్నమాట. సాగర్ కాలవ కింద మంచి పొలంలో 30 బస్తాలు తీసినవాళ్లకి ఈ అంకె చూస్తే నవ్వొస్తుంది. అది దేశంలో రకరకాల నేలల మీద తీసిన సగటు, మీ చేలో 19 శాతం పెరుగుతుందన్న హామీ కాదు. జీఎం వ్యతిరేక సంఘాలైతే ట్రయల్ లెక్కల్నే ప్రశ్నించాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణల్ని కొట్టిపారేసింది. నా మటుకు నాకు 19 శాతం కంటే ఆ పదిహేను రోజులు ముందు రావడమే ముద్దు, కాలవ చివరి తడి గురించి బెంగ తగ్గుతుంది.

విత్తనం సంగతి. ఇది హైబ్రిడ్ కాదు, సూటి రకం, దాచుకుని వేసినా గుణం మారదు. దాచుకునే హక్కు 2001 చట్టం రైతుకి ఇచ్చింది. మెలిక ఒకటుంది, ఆ క్రిస్పర్ కత్తెర మీద పేటెంట్లు బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి, లైసెన్సు లావాదేవీ సంస్థలు తేల్చుకోవాలి. ఇప్పుడే ఎవరైనా సంచి మీద కమల బొమ్మ వేసి అమ్మడానికొస్తే బిల్లూ, ధ్రువీకరణ ట్యాగూ అడగండి. ప్రకటన అయిన రకం విత్తనంగా మారి షాపు దాకా రావడానికి ఏళ్లు పడుతుంది.

రాజమండ్రి నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని: ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా ఉందట కదా, డంపింగ్ యార్డులో చల్లితే సరిపోదా?

ఉంది తల్లీ, జపాన్ సైంటిస్టులు 2016లో ప్రకటించారు. అది తినేది వాటర్ బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్‌ని. మన యార్డుల్లో గుట్టలు పడేది పాలిథీన్ కవర్లు, అది దానికి తిండే కాదు. పెట్ అయినా, పల్చటి పొరని 30 డిగ్రీల దగ్గర ఆరు వారాలు కొరికింది. దాని ఎంజైమ్‌కి పదును పెట్టే పని చాలాచోట్ల నడుస్తోంది. బయాలజీలో నువ్వు ముందుకెళ్తే చేరదగ్గ పనే.

విశాఖ నుంచి ఒక పాఠకుడు: 3ఐ అట్లాస్ తోకచుక్క కాదు, గ్రహాంతరవాసుల ఓడ అనీ, నాసా ఫోటోలు దాచిందనీ వీడియోల్లో చూశాను. పిల్లలు భయపడుతున్నారు.

భయం అక్కర్లేదు. 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్‌కి చిక్కింది. సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన వాటిలో మనకి తెలిసిన మూడోది, 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ ముందు వచ్చాయి. సూర్యుడి చుట్టూ తిరిగేదైతే దారి చుట్టు తిరిగి కలవాలి. ఇది సెకనుకి 60 కిలోమీటర్ల వేగంతో, మన చిన్న స్టేషన్‌లో ఆగని ఎక్స్‌ప్రెస్‌లా, దాదాపు తిన్నగా దూసుకుపోయింది. భూమికి బాగా దగ్గరికి వచ్చిన రోజు డిసెంబరు 19, ఆ రోజు కూడా దూరం 27 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడికంటే ఎడంగానే. ఓడ మాట ఎత్తింది హార్వర్డ్ ప్రొఫెసర్ ఆవీ లోబ్. మిగతా ఖగోళ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఎందుకంటే అది తోకచుక్క చేసే పనులే చేసింది. వేడెక్కి గ్యాసు వదిలింది. అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూస్తే నీటి ఆవిరి కంటే ఎనిమిదింతలు కార్బన్ డయాక్సైడ్ ఉంది, అది వింతే, కానీ ఎక్కడో బాగా చలిచోట పుట్టిన మంచుముద్ద అనుకోవడానికి తగిన వింత. మౌంట్ అబూలో మనవాళ్ల 1.2 మీటర్ల టెలిస్కోప్ కూడా నవంబరులో దాన్ని చూసింది.

ఫోటోలు దాచారన్నదానికి మూలం ఇదీ. అంగారకుడి దగ్గరున్న నాసా నౌక అక్టోబరు మొదట్లో దాన్ని ఫోటో తీసింది. సరిగ్గా అప్పుడే బడ్జెట్ గొడవతో అమెరికా ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి, నవంబరు 12 దాకా తెరవలేదు. తెరిచిన వారానికి ఫోటోలు విడుదల చేశారు. చూస్తే ఏముంది, నల్ల తెర మీద మసక మచ్చ. మీ పిల్లలకి ఆ ఒరిజినల్ ఫోటో చూపించండి, వీడియోలో కిటికీలూ లైట్లూ ఎక్కడివో వాళ్లే అడుగుతారు.