బ్రేకు కీచుమంటే స్కానర్‌కేం తెలుసు?

ప్రశ్న: మాది ఆరేళ్ల నాటి పెట్రోల్ కారు. తిరుమల నుంచి దిగేటప్పుడు చివర్లో బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. ముందు చక్రాలు కీచుమంటున్నాయి. కారులో లోపాలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో కొని, పెట్టి చూస్తే ఎర్రర్ ఏమీ లేదంటోంది. మెకానిక్ పెద్ద డిస్కులు వేయించుకోమంటున్నాడు. వేయించమంటారా?
– ఓ పాఠకుడు, చిత్తూరు

వద్దు. సెలవులు అయిపోగానే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. డిస్కుల సంగతి తర్వాత, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారు? ఇంజిన్ ఆయిల్ తేదీ నోటికి చెప్పేవాళ్లు కూడా ఈ మాట అడిగితే నీళ్లు నములుతారు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. ఘాట్ పొడవునా కాలు తీయకుండా బ్రేక్ తొక్కుతూ వస్తే ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలికి తెలిసే మెత్తదనం అదే. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడుతోందా? అయితే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకం ఆయిలే కొత్తది పోయించి, బ్రేక్ పైపుల్లోని గాలి తీయించండి. ఇక మీదట రెండేళ్లకోసారి. చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటే మాత్రం బండి కదపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

దిగేటప్పుడు రెండో గేరులో రండి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది కొండ మీది నియమం. కొందరు పాతిక నిమిషాల్లో దూసుకొచ్చి, చెక్‌పోస్టుకు ముందు ఆపి, పల్లీలు తింటూ మిగతా టైమ్ గడుపుతారు. కాలు మాత్రం బ్రేకు మీదే. పెనంలా కాలిన డిస్కును ప్యాడ్ ఒకే చోట పట్టుకుని ఉంటే దాని పదార్థం అక్కడ అంటుకుంటుంది. ఆ తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా పెడల్ వణుకుతుంది.

ఇక కీచు. ప్యాడ్లు వేడికి గాజులా నున్నబడి ఉండొచ్చు, లేదా అరిగిపోయి హెచ్చరిక రేకు డిస్కుకు రాసుకుంటూ ఉండొచ్చు. కాలిపర్ పిన్నుల్లో గ్రీజు ఎండినా ఇదే గోల. వాన పడ్డ మర్నాడు మొదటి రెండు బ్రేకులకే అరిచి ఊరుకుంటే అది తుప్పు, పట్టించుకోకండి. ఒకాయన డిస్కు మీదే ఆయిల్ స్ప్రే కొట్టాడు. శబ్దం పోయింది, దాంతోపాటు బ్రేకూ పోయింది.

పెద్ద డిస్కు వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది, నిజమే. లోపల పాత ఆయిలే ఉంటే పెడల్‌లో తేడా రాదు.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది బ్రేకు కాదు, స్కానర్. ఆ చవక పరికరం చదివేది ఎక్కువగా ఇంజిన్ లోపాల కోడ్‌లు. ఆయిల్‌లో నీరు చేరిందో లేదో దానికి తెలియదు. చూశాక పీకేశారా? చాలామంది స్టీరింగ్ కింద పోర్టులో అలాగే వదిలేస్తారు. కారు ఆపినా ఆ పోర్టులో కరెంటు ఉంటుంది. చాలా వాటికి పిన్ 1234, లేదంటే 0000. అలిపిరి పార్కింగ్‌లో పక్క కార్లో కూర్చున్నవాడికి అది తాళం వేయని తలుపు. అమెరికాలో 2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు ఇదే పోర్టుకు తగిలించిన, సిమ్ ఉన్న ఓ పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి, నెమ్మదిగా వెళ్తున్న స్పోర్ట్స్ కారు బ్రేకులు వేయించారు, పనిచేయకుండానూ చేశారు. మీది అదే రకం కాకపోవచ్చు, దారి మాత్రం అదే. స్కానర్ యాప్‌ను వాట్సాప్ లింకు నుంచి దించుకున్నారేమో కూడా చూసుకోండి. కారును చూసే యాప్‌కు మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఎందుకు? ఓటీపీలన్నీ అందులోనే వస్తాయి.

కార్ల కంపెనీలూ తక్కువేం కాదు. డ్యాష్‌బోర్డు లైట్లకు పదుల రంగులిస్తారు, బ్రేక్ ఆయిల్ వయసు చెప్పే ఒక్క లైను చాలా కార్లలో ఇవ్వరు. 2018లో ఓ ఎలక్ట్రిక్ కారు కేవలం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో 19 అడుగుల ముందే ఆగడం నేర్చుకుంది. సంతోషమే. కానీ బ్రేకును అంత మార్చగలిగేవాళ్లు ‘పనితీరులో మెరుగులు’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే ఎలా? అలాంటి కారున్నవాళ్లు అప్‌డేట్ వచ్చిన రోజే ఘాట్ ఎక్కకండి. ముందు ఊళ్లో ఖాళీ రోడ్డు చూసుకుని నాలుగు బ్రేకులు వేసి చూడండి. పైన ఛార్జింగ్ పూర్తిగా నింపుకుని కూడా దిగొద్దు. బ్యాటరీ నిండుగా ఉంటే మోటారే బండిని నెమ్మదింపజేసే బ్రేకింగ్ తగ్గిపోయి, బరువంతా ప్యాడ్ల మీదే పడుతుంది.