డాకర్ స్టాప్ అన్నాక ఆ పది సెకన్లలో ఏం జరుగుతుంది?

ప్రశ్న: మాది చిన్న మందుల దుకాణం. బంధువుల అబ్బాయి ఉబుంటు ఉన్న కంప్యూటర్లో బిల్లింగు సాఫ్ట్‌వేర్‌ను డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద పెట్టి ఇచ్చాడు. రెండు కంటైనర్లున్నాయి. ఒకటి 'బిల్లు', రెండోది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్న 'ఖాతా'. రాత్రి దుకాణం మూసేటప్పుడు నేనే టెర్మినల్ తెరిచి రెండింటికీ డాకర్ స్టాప్ ఇచ్చి కంప్యూటర్ ఆపుతాను. 'ఖాతా' వెంటనే ఆగుతుంది. 'బిల్లు' మాత్రం రోజూ పది సెకన్లు తీసుకుంటుంది. "స్టాప్ బదులు కిల్ కొట్టండి, చిటికెలో ఆగిపోతుంది" అని ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా? ఉదయం రెండూ వాటంతట అవే మొదలయ్యే మార్గం ఉందా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కిల్ వద్దమ్మా. 'ఖాతా' మీద అయితే అసలే వద్దు. కారణం తెలిస్తే మీకే ఆ ఆజ్ఞ వాడబుద్ధి కాదు. (ఆజ్ఞలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కొట్టండి.)

డాకర్ స్టాప్ అనగానే కంటైనర్‌లోని ప్రధాన ప్రోగ్రాముకు మామూలుగా 'టర్మ్' అనే సంకేతం వెళుతుంది. "చేతిలో పని ముగించుకుని ఆగు" అని దాని అర్థం. ఆ తర్వాత డాకర్ పది సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ ఆగకపోతే 'కిల్' సంకేతం పంపుతుంది. ఈ రెండోదాన్ని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు. అసలు దాని చెవిన పడే అవకాశమే లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన లినక్స్ కెర్నెల్ నేరుగా దాన్ని తీసేస్తుంది. డాకర్ కిల్ అంటే మొదటి అడుగు వదిలేసి సరాసరి రెండోదానికి వెళ్లడం. కౌంటరు దగ్గర ఆఖరి బిల్లు రాస్తున్న అబ్బాయికి "ఇది ముగించి లేచిరా" అని చెప్పడానికీ, అతను రాస్తుండగానే మెయిన్ స్విచ్ కట్టేయడానికీ ఉన్న తేడా అది.

'ఖాతా' వెంటనే ఆగడానికి కారణం పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజీ (కంటైనర్‌ను పుట్టించే మూస) తయారుచేసినవారి ముందుచూపు. పోస్ట్‌గ్రెస్‌కు టర్మ్ వెళితే, దానితో కనెక్టయి ఉన్న ప్రోగ్రాములన్నీ వాటంతట అవి విడిపోయేదాకా అది ఆగుతూ ఉంటుంది. అందుకే ఆ ఇమేజీలో టర్మ్‌కు బదులు 'ఇంట్' సంకేతాన్ని నిర్ణయించారు. అది అందగానే పోస్ట్‌గ్రెస్ సగంలో ఉన్న లావాదేవీలను రద్దుచేసి, అందరినీ విడదీసి, పుస్తకం సరిగ్గా మూసి ఆగుతుంది. దాన్నే కిల్ చేస్తే, అప్పటికే ఖరారైన బిల్లులు మామూలుగా పోవు. ముందుగా రాసుకున్న లాగ్ (మార్పుల చిట్టా) ఆధారంగా మర్నాడు ఉదయం డేటాబేస్ తనను తాను సరిచేసుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి పెట్టిన ఆ ఏర్పాటును ప్రతి రాత్రీ పరీక్షించడం నాకు ఏమాత్రం నచ్చదు. అందులో ఉన్నవి మీ రోగుల మందుల లెక్కలు.

ఇక 'బిల్లు' సంగతి. నాలుగు సెకన్లు ఒకరోజు, ఏడు సెకన్లు ఒకరోజు పట్టి ఉంటే ఏదో పని ముగించుకుంటోందని అనుకునేవాణ్ని. రోజూ పదే అంటే అది మీ మాట వినడమే లేదు. ఆపిన తర్వాత డాకర్ పీఎస్ హైఫన్ ఏ అని కొట్టి చూడండి. ఆగిన కంటైనర్లు కూడా కనిపిస్తాయి. 'బిల్లు' ఎదురుగా ఎగ్జిటెడ్ 137 అని ఉంటే నా అనుమానం నిజం. 128కి కిల్ సంకేతం సంఖ్య 9 కలిపితే 137. టర్మ్‌తో ఆగి ఉంటే 128కి 15 కలిపి 143 వస్తుంది, లేదా సర్దుకుని బయటికి వస్తే చాలాసార్లు 0 ఉంటుంది. కంప్యూటర్లో మెమరీ చాలక కెర్నెల్ తీసేసినా 137 కనిపిస్తుంది కానీ, మీరు ఆపినప్పుడే వస్తోంది కాబట్టి మీది అది కాదు. అంటే మీరు స్టాప్ అంటున్నా 'బిల్లు' రోజూ పదో సెకను తర్వాత కిల్‌తోనే పోతోంది. కాబట్టి దీన్ని తప్పక బాగుచేయించండి.

కారణాలు రెండు ఉండవచ్చు. ప్రోగ్రామును నేరుగా కాక షెల్ (ఆజ్ఞలు చదివి నడిపే ప్రోగ్రాము) ద్వారా మొదలుపెట్టి ఉంటే, సంకేతం షెల్ దగ్గరే ఆగిపోతుంది, లోపలున్న ప్రోగ్రాముకు చేరదు. రెండోది, కంటైనర్‌లో ఒకటో నంబరు ప్రాసెస్‌కు, అంటే అందులో మొదట మొదలయ్యే ప్రోగ్రాముకు, కెర్నెల్ ప్రత్యేక రక్షణ ఇస్తుంది. టర్మ్ వస్తే ఏం చేయాలో ఆ ప్రోగ్రాములో రాసి లేకపోతే సంకేతం వృథా అవుతుంది. ఆ అబ్బాయికి ఇలా చెప్పండి: డాకర్‌ఫైల్‌లో (ఇమేజీ తయారీ సూచనలుండే ఫైలు) ఏ ప్రోగ్రామును మొదలుపెట్టాలో చెప్పే సీఎండీ పంక్తిని చదరపు బ్రాకెట్లలో, ఒక్కో మాటనూ జంట కొటేషన్లలో పెట్టి రాయాలి. ప్రోగ్రాములో టర్మ్ అందగానే కొత్త బిల్లులు తీసుకోవడం మానేసి, ఉన్నది పూర్తిచేసి, డేటాబేస్ సంబంధం తెంచుకునే నాలుగు పంక్తులు చేర్చాలి. కంటైనర్ సృష్టించేటప్పుడు రెండు హైఫన్లు పెట్టి ఇనిట్ అని చేర్చడం దగ్గరిదారి. దానితో వెంటనే ఆగుతుంది కానీ, చేతిలో పని పూర్తిచేసే తెలివి ప్రోగ్రాముకు రాదు. నేనైతే మొదటి దారే పట్టమంటాను.

ఆపేటప్పుడు ముందు 'బిల్లు', అది పూర్తిగా ఆగాక 'ఖాతా'. రెండు పేర్లూ ఒకే పంక్తిలో కలపకుండా విడివిడిగా ఇవ్వండి. నెలాఖరు నివేదికల వంటి పెద్ద పని ఉన్నరోజు డాకర్ స్టాప్ హైఫన్ టి 60 బిల్లు అంటే నిమిషం గడువు దొరుకుతుంది.

ఉదయం వాటంతట అవే లేవడానికి డాకర్ అప్‌డేట్, రెండు హైఫన్లతో రీస్టార్ట్, తర్వాత ఆల్వేస్, చివర కంటైనర్ పేరు. రెండింటికీ ఒక్కసారి ఇస్తే చాలు. చాలామంది అన్‌లెస్ స్టాప్డ్ అనే పద్ధతిని సిఫారసు చేస్తారు. సర్వర్లకు అది మంచిదే. కానీ చేత్తో ఆపినదాన్ని అది మర్నాడు లేపదు, మీరు రోజూ చేత్తోనే ఆపుతున్నారు. మీకు ఆల్వేసే సరి. పొద్దున 'ఖాతా' కంటే 'బిల్లు' ముందు లేచి పడిపోయినా డాకర్ దాన్ని మళ్లీ లేపుతుంది.

ప్రశ్న: కంపోజ్ ఫైలులో (కంటైనర్ల అమరికలు రాసే ఫైలు) పోర్టును, అంటే ప్రోగ్రామును చేరే నంబరును, 8080 నుంచి 9090కి మార్చి డాకర్ కంపోజ్ రీస్టార్ట్ ఇచ్చాను. పాత పోర్టే పనిచేస్తోంది. ఎందుకు?
ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: రీస్టార్ట్ ఉన్న కంటైనర్‌నే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. పోర్టులు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాముకు బయటినుంచి ఇచ్చే అమరికలు) కంటైనర్ పుట్టినప్పుడే ఖాయమవుతాయి. డాకర్ కంపోజ్ అప్ హైఫన్ డి ఇవ్వండి. ఫైలులో మార్పును గమనించి పాత కంటైనర్ తీసేసి కొత్తది పెడుతుంది. అయితే కంటైనర్ లోపల నేరుగా రాసుకున్న ఫైళ్లు పాతదానితోపాటే పోతాయి. వాల్యూమ్‌లో, అంటే కంటైనర్‌కు బయట డాకర్ దాచే చోట, పెట్టినవి ఉంటాయి. అందుకని ముందు డాకర్ ఇన్‌స్పెక్ట్ ఇచ్చి మౌంట్స్ అనే భాగంలో మీ డేటా ఫోల్డరు ఉందో లేదో చూసుకోండి. డాకర్ కంపోజ్ డౌన్ కూడా వాల్యూమ్‌లను ముట్టదు, కానీ దాని పక్కన హైఫన్ వి చేరిస్తే వాటినీ తుడిచేస్తుంది. ఎవరైనా ఆ రూపంలో ఆజ్ఞ ఇస్తే, డేటాబేస్ నకలు బయట దాచుకోకుండా కొట్టకండి.