పశువ్యాధుల లెక్కలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీవీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. పశువుల డాక్టరుగా చేరమంటే, వ్యాధుల నియంత్రణకు ఎంత ఖర్చవుతుంది, ఎంత మేలు జరుగుతుంది అని లెక్కగట్టే చదువు చదువుతానంటోంది. పంపమంటారా? – ఒక పాడిరైతు, చిత్తూరు జిల్లా

జవాబు: తప్పకుండా పంపండి. ఉద్యోగాలు తక్కువే, కానీ ఈ పని తెలిసినవారు అంతకన్నా తక్కువ.

ఉదాహరణకు, నోటిలో, గిట్టల దగ్గర పుండ్లు పడే గాలికుంటు వ్యాధి మీకు తెలిసినదే. పెద్ద పశువులు దానితో చనిపోవడం అరుదు. కానీ పాలు పడిపోతాయి, చూలు పోతుంది, ఎద్దు దుక్కికి రాదు. ఈ నష్టం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఇటు టీకా ఖర్చంటే మందు ధర ఒక్కటే కాదు. మందును చల్లగా ఊరు చేర్చాలి, టీకా వేసేవారికి కూలి ఇవ్వాలి, పశువుకు గుర్తింపు చెవిపోగు వేయాలి. టీకా వేయిస్తే పాలు తగ్గుతాయని వెనకాడే రైతును ఒప్పించాలి. పైగా మీరు వేయించి పక్కింటివారు మానేస్తే ముప్పు ఇద్దరికీ ఉంటుంది. అందుకే ఈ ఖర్చును ప్రభుత్వమే భరించడం న్యాయమని నా అభిప్రాయం. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ (పశువులకు చూలు పోయేలా చేసే అంటువ్యాధి) అదుపునకు కేంద్రం 2019లో, ఐదేళ్లకు గాను 13,343 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంత డబ్బు ఎక్కడ ఎంత ఫలితమిచ్చిందో తేల్చి చెప్పేవారు ఉండాలి కదా!

పశువుల మందను మాత్రమే చూసి వేసే లెక్క చాలదు. 2001లో బ్రిటన్‌లో ఇదే గాలికుంటు వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను వధించారు. దేశానికి సుమారు 800 కోట్ల పౌండ్ల నష్టం వాటిల్లిందని అంచనా. పల్లె దారులు మూసివేయడంతో అందులో పెద్ద వాటా పర్యాటక రంగం మీద పడింది.

చదువు విషయానికొస్తే, ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఎంవీఎస్సీలో, అంటే పశువైద్య పీజీలో, ఎపిడెమియాలజీ (వ్యాధుల వ్యాప్తిని చదివే శాస్త్రం) గానీ, పశుసంపద ఆర్థికశాస్త్రం గానీ తీసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) మంచి చోటు. బెంగళూరులోని నివేది సంస్థ పశువ్యాధుల వ్యాప్తి మీదే పరిశోధన చేస్తుంది. పరిశోధనలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. గణాంకశాస్త్రం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టమనండి.

ఇంటర్న్‌షిప్‌లో తను చూసే ప్రతి జబ్బు పశువుకూ జబ్బుకు ముందు పాలెన్ని, తర్వాత ఎన్ని, మందులకెంత, పోయిన కూలిరోజులెన్ని అని రాసిపెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ఆ నోటుపుస్తకమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మీ భయం ఉద్యోగం గురించే అయితే, ఎంవీఎస్సీ చదివినంత మాత్రాన ప్రభుత్వ పశువైద్యుల పోస్టులకు దారి మూసుకుపోదు. నోటిఫికేషన్ పడితే, వయోపరిమితి చూసుకుని దరఖాస్తు చేయించండి.