పాప జుట్టు సంగతి సరే, మీ అమ్మగారితో ఎప్పుడు మాట్లాడతారు?

అమ్మా, నల్లజాతి తండ్రి పోలికతో వచ్చిన పాప ఉంగరాల జుట్టును, మీ తమ్ముడి పెళ్లికి వెళ్లేలోపు మీ అమ్మగారి కోసం సాఫీ చేయించనా అని అడిగారు. జవాబు ఒక్కటే: వద్దు. ఏడేళ్ల పిల్ల తలకు జుట్టు సాఫీ చేసే రిలాక్సర్ మందూ వద్దు, కెరటిన్ పేరుతో సాఫీ చేసేదీ వద్దు. రిలాక్సర్‌లోని క్షారానికి మాడు కాలే ప్రమాదం ఉంది. తిరుపతిలో గుండు చేయిస్తే సాఫీగా వస్తుందన్న మీ అమ్మగారి మాటా నిజం కాదు. మొక్కుంటే తీర్చుకోండి, అది వేరే సంగతి. ఉంగరాల జుట్టు కుదుళ్లలోనే ఉంటుంది, మంగలి కత్తికి మారదు.

తమ్ముడి పెళ్లికి గుంటూరు వస్తే చుట్టాల ముందు నామోషీ అని ఆవిడ అంటున్నారని రాశారు. నా మనసుకు గుచ్చుకున్నది మాత్రం ఆ పుస్తకం సంగతి. పాప పుట్టినరోజుకు మీ ఆడపడుచు ‘హెయిర్ లవ్’ ఇచ్చింది. నల్లజాతి తండ్రి ఒకాయన కూతురి జుట్టుతో తంటాలు పడి, చివరికి చక్కగా ముస్తాబు చేసే బొమ్మల కథ అది. 2019లో వచ్చింది. పాప రోజూ రాత్రి చదివించుకునేది. మీ అమ్మగారు అట్లాంటా వచ్చినప్పుడు “ఇలాంటివి చూపించబట్టే పిచ్చుక గూడు తలతో తిరుగుతోంది” అంటే, మీరు దాన్ని తీసి అలమరాలో దాచేశారు!

మీ ఆయన ప్రతి ఆదివారం పాపను ముందు కూర్చోబెట్టుకుని, తడి జుట్టుకు కండిషనర్ పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తారట. ఆ జుట్టును అలాగే చూసుకోవాలి. మాడు మీది జిడ్డు ఆ మెలికల వెంట కొసదాకా దిగదు కాబట్టి తొందరగా ఎండిపోతుంది. పొడి తలను పట్టి లాగితే తెగుతుంది, పిల్ల ఏడుస్తుంది. అమ్మమ్మ దువ్విన రోజుల్లో జరిగింది అదే. మీరు పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు.

పెద్దల మాట కాదని పెళ్లి చేసుకున్నందుకు ఇన్నేళ్లుగా అమ్మ ముందు తల దించుకుంటున్నారు. ఆ బాకీ ఇప్పుడు పాప చేత కట్టిస్తున్నారు. తల్లిని గౌరవించాలన్నది నేనూ నమ్ముతాను. కానీ ఆవిడ వంక పెడుతున్నది మీ ఆయన పోలికలకు. “నాన్న జుట్టంటే అమ్మమ్మకు ఇష్టం లేదా?” అని పాప అడిగితే “పడుకో” అన్నారు. ఆ పిల్లకు అంతా అర్థమైంది.

అమెరికాలో జడల తీరు చూసి నల్లవారి పిల్లల్ని బడి నుంచి ఇంటికి పంపిన సందర్భాలున్నాయి. ఆ వివక్ష కూడదంటూ 2019లో కాలిఫోర్నియా, ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. మీ ఆడపడుచు ఆ పుస్తకం ఊరికే కొనలేదమ్మా.

దాన్ని ఈ రాత్రే బయటికి తీయండి. టికెట్లు కొనేముందు అమ్మగారికి మీరే ఫోన్ చేయండి, తమ్ముడి చేత చెప్పించొద్దు. “పాప వాళ్ల నాన్న వేసిన జడలతోనే వస్తుంది, పూలు నువ్వు పెట్టమ్మా” అనండి. సాఫీ చేయిస్తేనే రమ్మంటే ముగ్గురూ ఆగిపోండి. ఎందుకు రాలేదో తమ్ముడికి దాచకుండా చెప్పండి.